మావయ్యగారి కొత్త బండికి చప్పుడు లేదు

మావయ్యగారు చప్పుడు చెయ్యకుండా ఏ గుమ్మమూ దాటరు. ఈ సంగతి కోడలికి ఆ ఇంట్లో కాలు పెట్టిన రోజే తెలిసిపోయింది. ముందు ఖళ్ళుమని ఒక దగ్గు, ఆ తర్వాత గొంతు సవరింపు, ఆపైన చెప్పుల టపటప, అప్పటికీ అనుమానం తీరకపోతే తాళంచెవుల గలగల. ఇంత హంగామా జరిగితే గానీ మనిషి లోపలికి రారు. పోనీ లోపల ఎవరైనా ఉండాలా అంటే, అదీ అక్కర్లేదు. ఖాళీ గది ముందు కూడా దగ్గుతారు. ఒకరోజు ఆయన ఫ్రిజ్ తలుపు తీసే ముందు దగ్గడం కోడలు కళ్ళారా చూసింది.

"అత్తయ్యా, ఫ్రిజ్‌లో ఎవరున్నారని దగ్గారు మావయ్యగారు?"

"పాలున్నాయిగా. కాస్త సర్దుకుంటాయని," అన్నారు అత్తగారు తలెత్తకుండా.

పక్కింటాయన్ని పలకరించడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మరీ ఘోరం జరిగింది. వార్డు గుమ్మంలో మావయ్యగారు దగ్గిన దగ్గుకి నర్సు హడలిపోయి, చక్రాల కుర్చీ తెచ్చి ఆయన్నే కూర్చోబెట్టేసింది. చివరికి పక్కింటాయనే మంచం దిగి వచ్చి ఈయన్ని విడిపించుకోవలసి వచ్చింది.

ఆయన ఒక అచ్చాఫీసులో మేనేజరు. మిషన్ల రొదలో దగ్గు వినపడదు గనక అక్కడ మెట్లెక్కేటప్పుడు ఇనుప కమ్మీని గొడుగుతో ఠంగుఠంగుమని కొట్టుకుంటూ ఎక్కుతారు. ఆయన పైకి చేరేసరికి, ప్రూఫులు దిద్దే పెద్దమనిషి కునుకులోంచి లేచి కళ్ళజోడు పెట్టేసుకుంటాడు. బైండింగు వాళ్ళు పేకముక్కల మీద జిగురు డబ్బా పెట్టేసి, పుట్టి బుద్ధెరిగాక పేక మొహం చూడనట్టు కూర్చుంటారు. "మా మేనేజరుగారంత అమాయకుడు ఇంకోడు ఉండడు. వస్తున్నట్టు ఆయనకాయనే చాటింపు వేసుకుంటాడు!" అని ప్రూఫులాయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతూ ఉంటాడు.

ఇక ఆయన పెట్రోలు స్కూటరు సంగతి చెప్పాలి. అది బండి కాదు, ఊరేగింపు. వీధి మలుపు తిరగ్గానే డబడబడబడబ మొదలయ్యేది. ఇంకో రెండిళ్ళు ఉన్నాయనగా ఠాప్‌మని ఒకటి పేల్చేది. గేటు దగ్గర బారెడు పొగ వదిలి ఆగేది. వీధిలో అందరూ తిట్టుకునే ఆ మోతంటే కోడలికి మాత్రం ప్రాణం.

దానికో కారణం ఉంది. సాయంత్రం కోడలు బడిలో పాఠాలు చెప్పి వచ్చాక, మావయ్యగారు వచ్చే లోపల వంటింట్లో ఒక నాటకం నడిచేది. కోడలు ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, తలుపు చాటున నిలబడి మొదలుపెట్టేది. "ఖళ్! ఇదిగో, వస్తున్నా. ఖళ్ ఖళ్! వచ్చేస్తున్నా. ఏమోయ్, వచ్చినట్టేనా నేను?" అత్తగారు నవ్వలేక స్టవ్వు కట్టేసి గట్టు పట్టుకునేవారు. ఆవిడ నలుగురిలో పెదవి విప్పి నవ్వే మనిషి కాదు. మొగుడి ముందైతే అసలే కాదు. కొత్త ఇంట్లో బిక్కుబిక్కుమంటూ తిరిగిన కోడలికి ఆ నవ్వు దొరికాకే ఇది నా ఇల్లు అనిపించింది. డబడబ వినపడగానే తువ్వాలు దండెం మీదికి, అత్తగారి చూపు కూర గిన్నెలోకి. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా పట్టుబడలేదు.

అలాంటి బండి ఒకరోజు నడిరోడ్డు మీద ప్రాణం వదిలింది. ఇక నా వల్ల కాదని మెకానిక్కు దండం పెట్టేశాడు. పెట్రోలుదే కొనాలా, కరెంటుదా? అత్తగారికి కొన్నాళ్ళుగా ఆయాసం వస్తోంది. బండి పెట్టేది వంటింటి కిటికీ కిందే కాబట్టి, ముందు ఆ పొగ మాన్పించండని డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని కొడుకూ కోడలూ కరెంటుదే అన్నారు.

"అది చప్పుడు చెయ్యదటగా?" అన్నారు మావయ్యగారు అనుమానంగా.

"చెయ్యదు నాన్నా."

"కాస్త కూడా?"

"ఇంజనే లేదు, చప్పుడెక్కణ్ణుంచి వస్తుంది?"

"మరి మనం వస్తున్నట్టు జనానికి ఎలా తెలుస్తుందిరా?"

"చూస్తే తెలుస్తుంది."

"చూసేసరికి వచ్చేసినట్టేగా!" అంటూ ఆయన కుర్చీలో కూలబడ్డారు.

మావయ్యగారూ కోడలూ వెళ్ళిన షోరూములో రెండు రకాల బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన పెట్రోలుది స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని కాసేపు విన్నారు. కరెంటు బండి ముందు నిలబడి మర్యాదగా దగ్గారు. అమ్మే కుర్రాడికి హుషారొచ్చింది.

"ఇది ఎంత మెత్తగా వెళ్తుందంటే సార్, మీరు వెళ్ళి ఇంట్లోవాళ్ళ వెనకాల నిలబడ్డా వాళ్ళకి తెలీదు!"

మావయ్యగారి మొహం పాలిపోయింది. "అదేం మాట బాబూ! పాపం కదూ?"

కుర్రాడు బిత్తరపోయాడు. "హారన్ ఉంది కదా సార్."

"హారన్ అందరికీ ఉంటుంది. అది నేనేనని ఎలా తెలియాలి? దీనికేదైనా మోత తగిలించే ఏర్పాటుందా? పోనీ ఓ రేకు డబ్బా అయినా వేలాడదీస్తే?"

ఆ కుర్రాడి జన్మలో ఇలాంటి బేరం తగిలి ఉండదు. సిగ్గుతో చచ్చిపోతున్న కోడలు, "అత్తయ్య ఆయాసం సంగతి చూడండి మావయ్యగారూ," అంది. ఆయన పెట్రోలు బండి వంక ఒకసారి దిగులుగా చూసి, "సరే, పొగ లేనిదే ఇవ్వు," అన్నారు.

మర్నాడు సాయంత్రం వంటింట్లో షోరూము నాటకం. కోడలు తువ్వాలు సవరించుకుని, "బాబూ, దీనికి ఓ రేకు డబ్బా..." అనేసరికి అత్తగారు కడుపు పట్టుకుని కూలబడ్డారు. అంతలో ఖళ్ళుమని దగ్గు.

"అబ్బ! ఈ దగ్గు మాత్రం అచ్చు గుద్దినట్టు ఆయనదేనే!" అన్నారు అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ.

"నేనింకా దగ్గలేదత్తయ్యా," అంది కోడలు.

ఇద్దరూ ఒక్కసారి తిరిగి చూశారు. గుమ్మంలో మావయ్యగారు! కోడలి భుజం మీది తువ్వాలు జారి కింద పడింది. అత్తగారి నవ్వు సగంలో తెగిపోయింది. అందరికన్నా ఎక్కువగా అదిరిపోయింది మాత్రం మావయ్యగారే. ఎవరింట్లోనో దూరి దొరికిపోయిన దొంగలా నిలబడి, "గేటు దగ్గర కూడా దగ్గాను. నిజంగా దగ్గాను," అని గొణిగి గిరుక్కున వెనక్కి వెళ్ళిపోయారు.

అయిపోయింది, ఇక ఈ ఇంట్లో తనకి మొహం చెల్లదు, అత్తయ్య మళ్ళీ నవ్వదు అనుకుంది కోడలు. తువ్వాలు తీసి దండెం మీద వేసి బయటికి వెళ్ళింది. ఆయన బండి పక్కన నిలబడి, అద్దాన్ని తుడిచిందే తుడుస్తున్నారు.

"తప్పయిపోయింది మావయ్యగారూ. ఇంకెప్పుడూ అలా చెయ్యను."

ఆయన ఉలిక్కిపడ్డారు. "మానేస్తావా? కొంప ముంచకమ్మా తల్లీ!"

"అదేంటి మావయ్యగారూ!" అంది కోడలు.

"నువ్వొచ్చిన కొత్తలో ఒకరోజు పెట్రోలైపోయి బండి తోసుకుంటూ వచ్చాను," అన్నారాయన గొంతు తగ్గించి. "గేటు దగ్గరికి రాగానే లోపలి నుంచి నవ్వు. ఎవరో చుట్టాలు దిగారనుకున్నా. తీరా వింటే మీ అత్తయ్య! ఇంత కాపురం చేశాను, ఆవిడ అంత నవ్వు నవ్వుతుందని నాకే తెలీదు. నేనెళితే ఎక్కడ ఆగిపోతుందోనని మళ్ళీ మలుపు దాకా బండి తోసుకుపోయి అక్కడ నిలబడ్డాను."

"ఎవర్ని చూసి నవ్వుతున్నారో కూడా విన్నారా?" అంది కోడలు నీరసంగా.

"వినకేం? నన్నే. అయితే ఏమిటి, నవ్వింది కదా! ఎవరి సరదా వాళ్ళది. నాలుగడుగుల ముందు ఓ చప్పుడు చేస్తే ఎవరికి వాళ్ళు సర్దుకుంటారు. పట్టుకుని నేనేం బావుకుంటాను? మా ప్రూఫులాయన కునుకూ అంతే, బైండింగు వాళ్ళ పేకాటా అంతే."

"అది కూడా మీకు తెలుసా!"

"అచ్చయిన పుస్తకంలో ఇస్పేటు రాణి అంటుకుని వస్తుంటే తెలీదుటమ్మా?" అని నిట్టూర్చారు. "పొగ బండైతే ఆవిడకి ఊపిరాడదు. ఇదేమో ఆవిడ నవ్వుకి ఊపిరాడనివ్వదు. నేనేదో చూస్తాలే. నువ్వు మాత్రం మానకు."

మర్నాడు కోడలు బలవంతాన తువ్వాలు భుజాన వేసుకుంది. అత్తగారు నవ్వలేదు. "వద్దమ్మాయ్. ఏ క్షణాన వచ్చి నిలబడతారో," అంటూ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు.

అప్పుడు వినిపించింది, వీధి మలుపు దగ్గర.

డబడబడబడబ!

"అయ్యో, ఆ దిక్కుమాలిన బండి మళ్ళీ తెచ్చారే!" అని అత్తగారు కిటికీ దగ్గరికి పరిగెత్తారు. వెనకే కోడలు. చూద్దురు కదా, వీధిలో జనమంతా ఎక్కడి వాళ్ళక్కడ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు. కొలతలు తీస్తున్న దర్జీ టేపు పట్టుకునే బయటికొచ్చాడు. నడి వీధిలో కొత్త కరెంటు బండి పిల్లిలా జారుకుంటూ వస్తోంది. దాని మీద అచ్చాఫీసు మేనేజరుగారు నిటారుగా కూర్చుని, బుగ్గలు పూరించి, మొహంలో రవంత నవ్వు లేకుండా నోటితో మోత పెడుతున్నారు.

"డబడబడబడబడబ..."

ఇంకో రెండిళ్ళున్నాయనగా, ఊపిరి పీల్చుకుని, "ఠాప్!" అన్నారు.

అత్తగారు నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, కిటికీ ఊచలు పట్టుకుని, వీధి వీధంతా వినపడేలా నవ్వారు. మావయ్యగారు గేటు దగ్గరికి వచ్చేశారు. ఆయన్ని చూసి కూడా ఆ నవ్వు ఆగలేదు. బుగ్గలు పూరించినవి పూరించినట్టే ఉండిపోయి, ఆయన అలా చూస్తూ నిలబడ్డారు.

"అత్తయ్యా, నా నాటకం ఇంక పనికిరాదు," అంది కోడలు.

అత్తగారికి అది వినపడితే కదా! "ఏమండీ, ఆ ఠాప్ ఇంకొక్కసారి అనరూ!" అన్నారు కిటికీలోంచి.

మావయ్యగారు మారు మాట్లాడకుండా బండి వెనక్కి తిప్పుకుని మళ్ళీ మలుపు దాకా వెళ్ళారు.