పోయిన వారం వాక్యం

మంచుకొండ మీది సైనిక పోస్టుకు చేరింది మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి. ఎత్తు పదిహేడు వేల అడుగులు. గాలి పడమటి నుంచి. కింది క్యాంపు నుంచి అందరం నడుములకు ఒకే తాడు కట్టుకొని రెండు రోజులు నడిచాం. వీపు మీద ఇరవై రెండు కిలోలు: పడక సంచి, మంచు గొడ్డలి, మూడు జతల మేజోళ్ళు, ఒక కిరోసిన్ డబ్బా. భుజాన రైఫిలు. చొక్కా లోపల డైరీ. ఆ చలికి సిరా గడ్డకడుతుంది కాబట్టి పెన్సిలుతో రాసేవాణ్ణి.

ఫైబరు గుడిసె ఒకటి, మంచులో తవ్విన బంకరు ఒకటి. ఏడుగురం. సుబేదారు సాబ్ మమ్మల్ని వరుసలో నిలబెట్టి మూడు ఉత్తర్వులు చెప్పాడు. ఒంటరిగా ఎవరూ పది అడుగులు దాటకూడదు. చేతి తొడుగు తీసి ఇనుము ముట్టకూడదు. తలనొప్పి దాచకూడదు. డ్యూటీ తొంభై రోజులు. కాపలా రెండు గంటలు, నిద్ర నాలుగు గంటలు.

శత్రువు కనపడినాడా అని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతుంటారు. కనపడలేదు. మంచు ఒక్కటే కనపడింది. నేను చెప్పదలచుకున్నది కూడా యుద్ధం సంగతి కాదు, ఒక ఫోను సంగతి.

ఆదివారాలు ఉపగ్రహ ఫోను ఇచ్చేవాళ్ళు. మనిషికి నాలుగు నిమిషాలు. నా వంతు పన్నెండున్నరకు. మా ఊరు కర్నూలు జిల్లా నందవరం దగ్గర. అప్పట్లో ఇంట్లో ఫోను లేదు. నా భార్య రత్నమ్మ, ఏడేళ్ళ కూతురు ఎస్తేరు మా ఏసు గుడిలో ఆరాధన ముగియగానే కిరాణా కొట్టుకు వచ్చి, ఫోను పక్కన కూర్చునేవాళ్ళు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వారానికి ఒక బైబిలు వాక్యం కంఠతా పట్టాలి. ఆదివారం నాడు తండ్రి ముందు నిలబడి ఒప్పజెప్పాలి. మా నాయన పత్తి చేలో కూలి చేసి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా మాతో వాక్యం చెప్పించుకునేవాడు. తప్పితే ఆ పూట మాతో మాట్లాడేవాడు కాదు. బిడ్డను భక్తిలో పెంచడమంటే అదేనని నేను నేర్చుకున్నాను. కొండ మీదికి పోయినా వదల్లేదు. నాలుగు నిమిషాల్లో మొదటి నిమిషం ఎస్తేరు వాక్యానిది. చెప్పగానే డైరీలో టిక్కు పెట్టేవాణ్ణి.

రేడియో ఆపరేటరు ఆదోని వాడు, ముస్లిం. ఫోను దగ్గర గడియారం పట్టుకొని నిలబడేది అతనే. మొదటి వారమే నవ్వాడు.

"ఏమన్నా, బిడ్డతో మాట్లాడతాండావా, పరీక్ష పెడతాండావా?"

"అది మా ఇంటి పద్ధతిలేప్పా."

"నా కొడుకైతే ఫోన్లో కుక్క మాదిరి మొరిగినా నాకు సంతోషమే. నీది గుండెనా, ఇనుమునా? తొడుగు లేకుండా ముట్టుకోవద్దని సుబేదారు సాబ్ సెప్పింది నీ గురించేనేమో."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పద్ధతి మాత్రం మార్చలేదు.

తొమ్మిదో ఆదివారం. ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై కింద. ఫోను కలిసింది.

"నాయనా," అనింది ఎస్తేరు. గొంతు బొంగురుగా ఉంది. లైను బాగాలేదనుకున్నాను.

"సెప్పు."

గొర్రెల కాపరి గురించిన వాక్యం చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగింది.

"ఇది పోయిన వారందే కదా?"

టిక్కు పెట్టకుండా పెన్సిలు ఆపాను.

"వారమంతా ఏం చేసినావు? ఆటలా? నేను ఈడ మంచులో నిలబడి వింటాండాను. నువ్వు ఆడ నీడపట్టున కూర్చొని ఒక్క వాక్యం నేర్చుకోలేవా?"

పిల్ల ఊపిరి వినపడింది. తర్వాత రత్నమ్మ ఫోను తీసుకుంది.

"నేర్చుకుంటాదిలే. నువ్వు తిన్నావా?"

"తిన్నా. దానికి గారాబం ఎక్కువ చేస్తాండావు."

"సరేలే. భద్రం."

నాలుగు నిమిషాలు అయిపోయాయి. డైరీలో ఆ రోజు రాసింది ఇది: "ఎస్తేరు పాత వాక్యమే చెప్పింది. మందలించాను."

అప్పటికి పిల్లకు జ్వరం వచ్చి నాలుగు రోజులు. నాకు తెలియదు. కొండ మీద ఉన్నవాడికి చెడ్డ కబురు చెప్పకూడదు, మనసు చెదిరితే అడుగు తప్పుతుంది అనేది సైనికుల ఇళ్ళలో కట్టుబాటు. ఆ కట్టుబాటు రత్నమ్మకు నేర్పి వచ్చింది నేనే.

తర్వాతి ఆదివారం మంచు తుపాను. ఫోను పని చేయలేదు. గుడిసె తలుపు తెరవడానికి ముగ్గురం రెండు గంటలు మంచు తవ్వాం.

బుధవారం పదకొండూ ఇరవైకి నేను బంకరులో ఉన్నాను. కబురు ఏదైనా ఆపరేటరు గుడిసెలోంచే కేకేసి చెప్పేవాడు. ఆ రోజు తానే నడిచి వచ్చాడు. చేతిలో కాగితం.

"అన్నా, ఈడ కూర్చో."

"ఏమప్పా?"

"ముందు కూర్చో."

కాగితంలో ఉన్నది తెలుగులో చదివి చెప్పాడు. కూతురు మంగళవారం చనిపోయింది. సెలవు మంజూరు. వాతావరణం చూసి దించండి. చదివాక నా బూట్ల లేసులు విప్పి మళ్ళీ గట్టిగా కట్టాడు. అవి ఊడలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

హెలికాప్టరు రాలేదు. మరునాడు ఉదయం ఆరుకు నడిపించి దించారు. సుబేదారు సాబ్ నన్ను తాడు మధ్యలో కట్టాడు. "ఈ రోజు నీ కళ్ళను నమ్మకు. ముందువాడి అడుగు చూసి అందులోనే నీ అడుగు పెట్టు," అన్నాడు. రెండు రోజులు ముందువాడి అడుగులే చూశాను. తర్వాత లారీ, రైలు.

కబురు తెలిసిన ఎనిమిదో రోజు ఉదయం ఐదున్నరకు ఆదోనిలో దిగాను. ఎమ్మిగనూరు బస్సు ఎక్కాను. పత్తి బస్తాల ట్రాక్టర్లు అడ్డం వచ్చి బస్సు నెమ్మదిగా పోయింది. నెమ్మదిగా పోవడమే మేలనిపించింది. రత్నమ్మ ముఖం ఎట్లా చూడాలో తెలియలేదు. బిడ్డతో నా చివరి మాట తిట్టు. దానికి సాక్షి ఆమె. ఆమె క్షమిస్తుందా అనేది తప్ప మరో ఆలోచన రాలేదు. ఎమ్మిగనూరు నుంచి ఆటోలో ఊరికి చేరేసరికి తొమ్మిదిన్నర.

రత్నమ్మ గడపలో కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు. ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. జ్వరం మెదడుకు ఎక్కిన సంగతి, ఆదోని ఆసుపత్రి, కర్నూలు ఆసుపత్రి, సమాధి తవ్వి మట్టి చేసిన సంగతి వరుసగా చెప్పింది.

"ఆ పొద్దు నేను తిట్టినాను," అన్నాను.

రత్నమ్మ బియ్యం మీంచి తల ఎత్తలేదు.

"ఫోను పెట్టేసినాక నవ్వింది. 'మా, నాయన కనిపెట్టేసినాడు. నేను పోయిన వారం సెప్పింది అంత దూరంలో కూడా నాయనకు గ్యాపకముంది' అనింది. కొట్టాయనకు కూడా సెప్పుకుంది, మా నాయన ఏదీ మర్చిపోడని."



అది నిజంగా జరిగిందా, నా కోసం రత్నమ్మ అప్పటికప్పుడు కల్పించిందా, నాకు తెలియదు. తర్వాత పదవీ విరమణ చేసి ఊళ్ళోనే ఉన్నాను. ఆ కిరాణా కొట్టు ముందు నుంచి రోజూ నడిచాను. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. ప్రతి చిన్న సంగతీ సరిచూసి రాసుకునే మనిషిని, అది మాత్రం అడగలేదు. కొట్టాయన కూడా పోయాడు.

అప్పటిదాకా నాకు దేవుడంటే ఒప్పజెప్పించుకునేవాడు. తప్పితే ముఖం తిప్పుకునేవాడు. ఆ పూట గడపలో తెలిసింది వేరు. జరిగింది నిజమైతే, నా కరకు మాటలో కూడా నా బిడ్డ ప్రేమనే ఏరుకుంది. కల్పితమైతే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి తన దుఃఖంలోంచి తీసి నాకు పెట్టింది. రెండింటిలో ఏదైనా నా అర్హతకు మించింది. తర్వాత మా గుడిలో సంఘ పెద్దనై దేవుని ప్రేమను గురించి చాలాసార్లు మాట్లాడాను. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక కళ్ళ ముందు నుంచి పోని ఒక్కటి ఉంది. మా ఇళ్ళలో అన్నం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి లేనివాళ్ళ కోసం దేవుని కుండలో వేస్తారు. రత్నమ్మ ఆ రోజు కూడా తీసింది. కుండ మీద పిడికిలి విప్పింది. కన్నీళ్ళు తుడుచుకున్న చెయ్యి కదా, కొన్ని గింజలు అరచేతికి అంటుకొని రాలలేదు. వాటిని రెండో చేతి వేలితో ఒక్కొక్కటిగా తోసి కుండలో వేసింది.