ఆమె పిండని పసరు

నేనొక అబద్ధం చెప్పాను. నాలుగే మాటలు. అన్నప్పుడు నోట్లో బరువే తెలియలేదు, ఆ తర్వాత ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మా ఆవిడక్కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

పల్నాడులో ఒక చిన్న ఆసుపత్రిలో కట్లు కట్టేవాణ్ణి. ఊరి పేరు అడక్కండి. పంతొమ్మిది వందల యాభైల చివర్లో సంగతి. దెబ్బలతో వచ్చినవాళ్లను ముందు నా గదిలోకే తెచ్చేవాళ్లు. డాక్టరుగారు చూసి కుట్లేసి వెళ్తే మిగతాదంతా నాదే. ఒక బల్ల, ఒక పంపుస్టవ్వు, ఒక ఎనామిల్ బేసిను. పొద్దున్నే అందులో లోషను కలిపితే మధ్యాహ్నం దాకా అదే. వచ్చినవాళ్లందరి గుడ్డలూ అందులోనే ముంచి పిండేవాణ్ణి. మందునీళ్లే కదా, తప్పేముంది అనుకునేవాణ్ణి.

పిడుగురాళ్ల దగ్గర సున్నపురాయి క్వారీలో రాయి పడి పాదం చితికిన మనిషిని లారీలో వేసుకొచ్చారు. వెంట భార్య వచ్చింది. ఊళ్లో పెరుగు అమ్ముకునే మనిషి. రెండో రోజు కట్టు మారుస్తుంటే పక్కనే నిలబడి నా ముఖం కాకుండా నా చేతులే చూస్తూ ఉంది. అలా చూసినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు.

“ముందాయన పుండు చీము పట్టింది గదయ్యా. ఆ గుడ్డ ముంచిన గిన్నెలోనే మా ఆయనకీ ముంచుతన్నావేంది?”

మందునీళ్లు, ఏం కాదన్నాను.

“పాలకుండలో ఏలికొసంత తోడేస్తే చాలు, తెల్లారేసరికి కుండంతా పెరుగైద్ది. చీముకి ఆ గుణం ఉండదా?”

“డాక్టరువా నువ్వు? బయటికి నడువు.”

“నువ్వూ డాక్టరువి కాదు గదయ్యా.”

కోపంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది. వరండాలో కూర్చున్నవాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆమెను బయటికి పంపేసి, అదే బేసినులో గుడ్డ ముంచి కట్టు కట్టాను. ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. ముంచేటప్పటికే ఆమె మాట నా బుర్రకెక్కింది. నిజమేనేమో అనిపించింది కూడా. అయినా ముంచాను. ఎందుకు ముంచాను? నలుగురు నవ్వినందుకు ఒక మనిషి కాలు పోగొట్టాలా?

ఐదో రోజుకి కాలు పొంగి, వాసన వరండా దాకా వచ్చింది. డాక్టరుగారు కట్టు విప్పించి, ఇలా ఎందుకైందన్నారు.

“ఆమే ఏదో పసరు పిండిందండీ,” అన్నాను.

దెబ్బ తగిలితే గాయపాకు పసరు పిండని ఇల్లు మా వైపు లేదు. ఆయన వెంటనే నమ్మారు. అందరి ముందూ ఆమెను కడిగేశారు. పిండలేదు బాబుగారూ అని ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పలేదు, నా వైపు చూసింది. నేను స్టవ్వుకి పంపు కొడుతూ కూర్చున్నాను. గుంటూరు తీసుకెళ్తే అక్కడ మోకాలి కింద కాలు తీసేశారు. ఇకనుంచి ఇంటివాళ్లెవరూ కట్లగదిలోకి రాకూడదని మా గుమ్మానికి బోర్డు వేలాడదీశారు.

మర్నాటి నుంచే నేను మనిషికో గిన్నె పెట్టాను. భయం కొంత. కుతూహలం ఎక్కువ. ఆమె చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలనిపించింది. గిన్నెలూ గుడ్డలూ ఉడకబెట్టాను, ఒక్కొక్కరికీ చేతులు కడిగాను. కొన్నాళ్లకు గదిలో వాసనే మారింది. డాక్టరుగారు మెచ్చుకుని, పని నేర్చుకునేవాళ్లను నా దగ్గర కూర్చోబెట్టారు. వాళ్లకు పాలకుండ, వేలికొసంత తోడు అని చెప్పేవాణ్ణి. అవి ఎవరి మాటలో మాత్రం చెప్పలేదు.

ఆ డాక్టరుగారు బదిలీ అయ్యాక, కొత్తగా వచ్చిన డాక్టరమ్మను బతిమాలి బోర్డు తీయించాను. రోగికి తోడుగా ఒకరు లోపల నిలబడొచ్చు. నా చేతులు చూస్తూ ఉండండి, కడక్కపోతే అడగండి అనేవాణ్ణి. చానామంది మొహమాటానికి తలూపేవాళ్లు. ఎప్పుడో ఒకరు నిజంగానే అడిగితే సంతోషంగా ఉండేది, లేచి మళ్లీ చేతులు కడుక్కునేవాణ్ణి.

అరవైల్లో ఒక ఉదయం ఆమె మళ్లీ వచ్చింది, పక్కింటి పిల్ల చెయ్యి కోసుకుంటే వాళ్లమ్మకు తోడుగా. తల్లి వరండాలో కూర్చుని అరచేతిలో ఆకు నలుపుతోంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దే అమ్మాయ్. పసరు పిండబట్టే నేను మా ఆయన కాలు పోగొట్టుకున్నా.”

పిల్ల కోసం అలా అంటోందేమో అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లత్తా, ఊరూ అన్నేళ్లు అదే మాట అంటూ వస్తే, ఆమెకూ అలాగే గుర్తుండిపోయిందా? ఏ చేత్తో పిండిందో, ఏ పూట పిండిందో కూడా గుర్తుందా? నేను అల్లిన అబద్ధం ఆమెకు జ్ఞాపకం ఎలా అయింది? ఇప్పటికీ నాకు అంతుపట్టదు. అప్పుడే అడగొచ్చు. అప్పుడే చెప్పొచ్చు. గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆమె నన్ను గుర్తుపట్టింది.

“ఇప్పుడు గిన్నె మారుస్తన్నావంట గదా. మంచిదయ్యా,” అంది.

నేను తలూపాను. అంతే చేశాను.

ఆమె పోయిందని తర్వాతెప్పుడో తెలిసింది. క్షమించాల్సిన మనిషి లేదు, ఆ పని మీ మీద పెట్టను. ఒక్కటి మాత్రం మీరు తెలుసుకోండి. ఆమె ఏ పసరూ పిండలేదు. ఆ గుడ్డ ముంచింది నేను.