టామ్సిన్ నడవని దారి

మా పోర్త్‌వీన్ ఊళ్ళో సముద్రపు ఒడ్డు దారి గురించి ఎవరైనా అడిగితే, మేం నోరు తెరిచేలోపే టామ్సిన్ సమాధానం చెప్పేసేది. రేవు పక్కన ఆవిడ ఇంట్లో రెండు గదులు నడవడానికొచ్చే వాళ్ళకు అద్దెకిస్తుంది. వాగు దగ్గర రాళ్ళు జారతాయనీ, గొర్రెల కంచె దాటే మెట్టు వదులుగా ఉందనీ కళ్ళకు కట్టినట్టు చెప్పేది. ఆ దారి ఆవిడ పెరటి గేటు ముందునుంచే కొండ మీదికి పోతుంది. ఆవిడ మాత్రం ఒక్కనాడూ ఎక్కిన పాపాన పోలేదు. సాయంత్రం అతిథులు బూట్ల బురద దులుపుకుంటూ చెప్పిన కబుర్లే మర్నాడు పొద్దున గుడ్లతోపాటు కొత్తవాళ్ళకు వడ్డించేది.

ఇది ఊరందరికీ తెలుసు. తెలుసన్న సంగతి ఆవిడకే తెలీదు. ఎదుటివాళ్ళ కోతలు విని తల ఊపడం మా దగ్గర మర్యాద. పబ్బు వంటింట్లో పనిచేసే నాకు ఆ మర్యాద చూస్తే ఒళ్ళు మండేది. అయినా నేనూ ఊపేదాన్నే.

ఆవిడ భర్త డెంజిల్ పడవలు బాగుచేసేవాడు. ఆదివారం వస్తే కొండ కొన దాకా నడిచేవాడు, ఆవిణ్ణీ రమ్మనేవాడు. ఆవిడేమో వేసవిలో ఇంటినిండా అతిథులనేది, చలికాలంలో బురదనేది. వచ్చే ఏడు చూద్దాంలే అనేది. మాంసం, బంగాళదుంప కూరి కాల్చే పేస్టీలు మాత్రం చేసిచ్చేది. ఎవరిది వాళ్ళకు తెలిసేలా పిండి మూలన పేరులో మొదటి అక్షరం చెక్కడం ఇక్కడ అలవాటు. డెంజిల్ ఎప్పుడూ రెండు కట్టమనేవాడు, ఆవిడ రెండింటి మీదా 'డి' చెక్కేది. మా ఆయనంత తిండిపోతు ఈ ఒడ్డున లేడని అతిథులకు చెప్పి నవ్వేది.

డెంజిల్ పోయాక అతని స్నేహితుడు క్లెమ్, వడ్రంగి, కొండ కొన మీద అతని పేర ఒక బల్ల వేశాడు. ఇత్తడి పలక మీద ఏం రాయాలని అడిగితే, "డెంజిల్, టామ్సిన్ కలిసి కూర్చున్న చోటు" అని రాయమంది. క్లెమ్ మారు మాట్లాడకుండా చెక్కించాడు. అప్పట్నుంచి అతిథులందర్నీ ఆ బల్ల మీద కూర్చుని రమ్మనేది. తను వారం వారం వెళ్తానని కూడా చెప్పేది. అందరూ తిరిగొచ్చి, బల్ల చాలా బాగుందనేవాళ్ళు.

మొన్న నవంబరులో, జనం తగ్గిపోయాక, హెస్టర్ అని ఒక పెద్దావిడ ఒంటరిగా టామ్సిన్ ఇంట్లో దిగింది. రొట్టెల కొట్లో అందరూ వింటుండగా, "మీకీ దారంతా కొట్టినపిండి కదా, రేపు నాతో రండి" అంది. కొట్లో ఎవరూ తలెత్తలేదు. టామ్సిన్‌కు ఒప్పుకోక తప్పలేదు.

ఆ నడక సంగతంతా తర్వాత టామ్సినే చెప్పింది. మొదటి మలుపుకే ఆయాసం. వాగెక్కడని హెస్టర్ అడిగితే ఇదిగో వచ్చేస్తుందనేది. అది ఎంతకీ రాదు. కింద సముద్రం కనబడగానే గోర్స్ ముళ్ళపొద పట్టుకుని చెయ్యి గీరుకుంది. దారిలో టీ కొట్టు తెరిచే ఉంటుందని నమ్మబలికింది. దాని తలుపులకు వేసవి పోగానే చెక్కలు బిగించేశారు. అయినా బల్ల ఉంది కదా, అక్కడ కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయనుకుంది.

కొన మీద బల్ల లేదు. సిమెంటులో పాతిన రెండు ఇనుప కాళ్ళ మొండేలున్నాయి. వాటిమీద అల్లుకున్న ముళ్ళతీగలు వేలంత లావున ముదిరిపోయాయి. మొన్న వేసవిలో కూడా ఇద్దరు అతిథులు ఆ బల్ల మీద చాలాసేపు కూర్చున్నామని చెప్పారు. పాపం, ఆవిడ మనసు నొప్పించకూడదని. అంటే వారం వారం వెళ్తానన్న మాట ఎంతటి అబద్ధమో అంతమందికీ తెలుసు. టామ్సిన్‌కు తల కొట్టేసినట్టయింది.

హెస్టర్ ఆ మొండేలను చూసింది, ఆవిణ్ణి చూసింది. ఏమీ అడక్కుండా తన వానకోటు గడ్డి మీద పరిచి కూర్చోమంది. ఆ అడక్కపోవడమే భరించలేకపోయానని టామ్సిన్ అంది. చలికాలం బస్సులుండవు కనక, వెళ్ళిన దారినే మళ్ళీ అంతా నడిచి రావాలి.

సాయంత్రం పబ్బులోకి వచ్చినప్పుడు ఆవిడ మోకాళ్ళ దాకా బురద. ఎవరో అలవాటుగా బల్ల ఎలా ఉందన్నారు. బాగుందంటుందని నేను తల ఊపడానికి సిద్ధంగా ఉన్నాను.

"లేదు. ఎప్పుడో పోయింది. నేనక్కడికి వెళ్ళడం ఇవాళే మొదలు" అంది టామ్సిన్.

క్లెమ్ తన కుర్చీ ఆవిడ దగ్గరికి లాక్కున్నాడు. కొన్నేళ్ళ కిందటి పెద్ద తుఫానులో బల్ల కొట్టుకుపోయిందనీ, పలక మాత్రం దొరికితే తెచ్చి దాచాననీ చెప్పాడు. ఆవిడే అడుగుతుందని ఇన్నాళ్ళూ ఎదురుచూశాడట.

"కొత్త బల్ల వేస్తే పలక మీద నా పేరు గీకెయ్యి, క్లెమ్. నేను కూర్చోలేదు."

క్లెమ్ కాళ్ళ దగ్గర పడుకున్న తన ముసలి కుక్క తల నిమిరాడు.

"అప్పుడప్పుడు డెంజిల్‌తో నేనూ వెళ్ళేవాణ్ణి, అమ్మాయ్. రెండో పేస్టీ వాడెప్పుడూ తినలేదు. దానిమీది 'డి' చాకుతో గీకేసి 'టి' చెక్కేవాడు. వెనకాలే వస్తావేమోనని పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. లేచేటప్పుడు ఈ కుక్కకు పెట్టేవాడు."

టామ్సిన్ బురద చేతులతోనే మొహం కప్పుకుంది.

"ఇంటికొచ్చిన ప్రతివాడికీ మా ఆయన తిండిపోతని చెప్పి నవ్వాను" అంది.