నీళ్ళు పెట్టకూడని మడి

మొన్న మనవడి స్కూల్లో ఆటల పోటీలంటే ప్రొద్దుటూరు వెళ్ళాను. నేను చదువుకున్న స్కూలే అది. నా మోకాలి మీద ఇప్పటికీ కనిపించే మచ్చ, కబడ్డీలో పడ్డప్పుడు ఆ కంకర నేల పెట్టిందే. ఇప్పుడు అక్కడ ఎవరో దాతలు ఆకుపచ్చటి ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. పొద్దు నడినెత్తికి రాకముందే అది పెనంలా కాలిపోతుంటే, బూట్లు విప్పిన పిల్లలు గెంతుకుంటూ నీడకు పరుగులు తీశారు. నా చూపు గమనించాడేమో, ఆటల మాస్టారు అడగకముందే చెప్పాడు. "ఏం జేస్తామప్పా, మన నేలలో గడ్డి బతకదు."

ఆ కుర్రవాడి తప్పేమీ లేదు. తను విన్న మాటే చెప్పాడు. కానీ ఆ మాట ఎక్కడ పుట్టిందో ఎరిగినవాణ్ణి కాబట్టి, నా ఈడు వాళ్ళతోనైనా చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

పులివెందుల దాటి తొండూరు వెళ్ళే దారిలో అప్పట్లో విశ్వవిద్యాలయం వారి గడ్డి పరిశోధన కేంద్రం ఒకటి ఉండేది. పశువులు మేసే గడ్డి కాదు, ఆటస్థలాల్లోనూ తోటల్లోనూ పరిచే పచ్చిక. దానిమీద పరీక్షలు చేసేవారు, పిల్లలకు పాఠాలు చెప్పేవారు. అందులో ఆ పరీక్షలు నడిపే మేడమ్ కింద మడులు చూసుకునే పని నాకు దొరికింది. నేను చదివింది పదో తరగతే అయినా, ఆపైన ప్రొద్దుటూరు గ్రంథాలయం నన్ను చదివించింది. గరికను సంస్కృతంలో దూర్వ అంటారనీ, గడ్డి కొసనుంచి కాక మొదలునుంచి పెరుగుతుంది కాబట్టే ఎంత కోసినా మళ్ళీ లేస్తుందనీ, ఆ చెక్క బల్లల దగ్గర కూర్చుని తెలుసుకున్న సంగతులను కనిపించిన ప్రతివాడికీ విసుగు పుట్టేదాకా చెప్పేవాణ్ణి.

గొర్రెలు కాసే మా నాయనకు మాత్రం ఆ ఆఫీసు వ్యవహారం కడదాకా మింగుడు పడలేదు. "గొర్లను తోలగూడదని గడ్డి పెంచే ఆపీసు యాడన్నా ఉంటాదంట్రా? రేపు తాగగూడదని బాయి గూడా తవ్వుతారేమో, మీ మేడమ్‌ను అడుగు" అనేవాడు. ఆ మాట మేడమ్‌కు చెబితే ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, అప్పటినుంచి మిషన్‌తో కత్తిరించిన గడ్డినంతా గోనెసంచిలో మా నాయన మందకు పంపించేవారు.

కోస్తా నుంచి వచ్చిన ఆ మేడమ్ పెట్టుకున్న పని ఒక్కటే. ఈ కరువు నేలలో నీళ్ళు లేకుండా వేసవి దాటే గడ్డి ఏదో తేల్చాలి, తేలినదాన్ని మా స్కూలు మైదానంలో నాటాలి. నా మోకాలి మచ్చ చూసి ఆమె ఇచ్చిన మాట అది. విదేశీ రకాల పక్కనే, జమ్మలమడుగు దగ్గర పెన్న ఇసుకలోనుంచి మేమిద్దరం తవ్వి తెచ్చిన గరికనూ నాటి, ఎండలు ముదిరే వేళకు నీళ్ళు పూర్తిగా ఆపేశాం. ఎండనివ్వడమే మన పని అని ఆమె రోజూ గుర్తుచేయాల్సి వచ్చేది. చేతికొచ్చిన చేలు కళ్ళముందే మాడిపోవడం చూసిన వాళ్ళం, వాడిన మొక్క కనిపిస్తే మా చేతులు ఊరుకోవు. చెంబులో మిగిలిన నీళ్ళను అటు పారబోయబోయి నన్ను నేనే ఎన్నోసార్లు ఆపుకున్నాను. వేసవి సగం గడిచేసరికి విదేశీ గడ్డి చీపురుపుల్లల్లా అయిపోయింది. పెన్న గరికకు మాత్రం మొదలు దగ్గర ఇంకా పచ్చ ఉంది. ఆ వేసవి చివరిదాకా అది నిలిస్తే చాలు.

స్కూల్లో నాటడానికి మరికొంత గరిక కావాలని మేమిద్దరం మళ్ళీ జమ్మలమడుగు వెళ్ళి, తడిగోనెల్లో చుట్టిన మొక్కలతో బస్సు దిగి వచ్చేసరికి, మడుల పక్కన ట్యాంకరు నిలబడి ఉంది. నేలంతా తడిసి మట్టివాసన కొడుతోంది. మరుసటి వారం పైనుంచి ఒక పెద్దమనిషి చూడటానికి వస్తున్నాడట. కేంద్రం చూసే పెద్దసారు, మా పక్క ఊరివాడే, ఎదురొచ్చి సంబరంగా చెప్పాడు. "ఇంటికొచ్చినోళ్ళకు ఎండుగడ్డి సూపిస్తే మర్యాదేం గావాల మేడమ్? ట్యాంకరు నీళ్ళు కొట్టించినాను, వారంలో కళకళలాడతాది సూడండి."

"ఎండాలనే కదా సార్ దాన్ని పెట్టింది?" అన్నారు మేడమ్.

"ఎండేది ఈడ యెప్పుడూ ఉండేదే గదమ్మా."

ఒక్కసారి తడిసిందా, ఇక ఆ పరీక్షకు అర్థం లేదు. ఆమె చేతిలోని గోనె అక్కడే కింద పెట్టి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

వచ్చిన పెద్దమనిషి దిగీదిగగానే అడిగింది, నీళ్ళు పెట్టని మడులు ఎక్కడున్నాయని. పెద్దసారు వాటినే చూపించాడు. నీళ్ళు లేకుండానే ఇంత పచ్చగానా అని ఆయన ఆశ్చర్యపోతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. అది తడిపిన మడి అని మేడమ్ అన్న మాట నేను స్పష్టంగా విన్నాను. పెద్దసారు ఫక్కున నవ్వి, "మా మేడమ్ శానా మొగమాటస్తురాలు సార్" అన్నాడు. ఆ చప్పట్లకు తగినట్టు నివేదిక రాసిమ్మంటే ఆమె రాయలేదు. వానలు పడకముందే ఆమెకు కోస్తాకు బదిలీ అయింది. ఆ పరీక్ష మళ్ళీ ఎవరూ పెట్టలేదు.

ట్యాంకరు నీళ్ళకు చిగురించి ఆనాటి ఫోటోల్లో అందంగా వచ్చిందని విదేశీ గడ్డినే మా స్కూలు మైదానంలో పరిచారు. మరుసటి వేసవికే అది మాడి మట్టిలో కలిసింది. మన నేలలో గడ్డి బతకదన్న మాట ఆనాడు పుట్టింది. కొన్నాళ్ళకు కేంద్రమూ మూతపడింది. కంచె పడిపోయాక మా నాయన గొర్రెలను అందులోకే తోలాడు గానీ, అప్పుడు మాత్రం ఏ ఎగతాళీ చేయలేదు.

మొన్న పోటీలు ముగిసి వస్తుంటే, ప్రహరీ పక్కన ఒకతను వీపున డబ్బా తగిలించుకుని ఆ ప్లాస్టిక్ అతుకుల మీద కలుపుమందు కొడుతున్నాడు. ఏందిది అని అడిగితే, విసుగ్గా అన్నాడు. "గరికప్పా. షీటును చీల్చుకోని లేస్తాంది. ఎన్నితూర్లు కొట్టినా సావదు."

వంగి ఒక పోచ లాగి చూశాను. రాలేదు. ఆటల మాస్టారును పిలిచి చూపిద్దామనుకుని, ఎందుకో పిలవలేదు. అప్పట్లో కనీసం మర్యాద కోసమైనా దానికి నీళ్ళు పోసేవాళ్ళుండేవారు. ఆ వేసవంతా మేడమ్ కూర్చుని చూడాలనుకున్నది ఇదిగో ఇక్కడ, నీళ్ళు లేకుండా, మందు తాగుతూ బతికే ఉంది. చెప్పడానికి ఆమె ఎక్కడున్నారో నాకు తెలియదు.