వరండాలోకి వచ్చిన స్టూలు

మా ట్రైనింగ్ మేడంగారు మొన్న ఆదివారం తణుకులో గుండెపోటుతో పోయారు. కబురు నాకు నేరుగా రాలేదు. నాతోపాటే పనిలో చేరిన కాకినాడ అమ్మాయికి వచ్చింది, ఆమె నాకు ఫోన్ చేసి చెప్పింది. ఇందులోనూ ఆమే ముందు! ఏడుపుకంటే ముందు నాకు ఆ ఉక్రోషమే వచ్చింది.

రాజమండ్రిలో మాది పిల్లల హోం. ఇల్లు లేని పిల్లలూ, ఉన్నా అందులో ఉండలేని పిల్లలూ వస్తారు. వాళ్లని చూసుకునే మాకు పని నేర్పింది మేడంగారే. నేను బాలల హక్కుల కరపత్రాలు మడతలు చిరిగేదాకా చదివి వచ్చినవాణ్ని. మొదటిరోజు క్లాసులోనే లేచి వ్యవస్థని దులిపేశాను. ఆవిడ చివరిదాకా విని, "బాగుందండీ. ఇక మైకు దించి కాసిని మంచినీళ్లు తాగండి" అన్నారు. అందరూ నవ్వారు. కాకినాడ అమ్మాయి మరీనూ.

ఆవిడకో పద్ధతుంది. పిల్లల గది ముందు చెప్పులు విడిచి, "రావచ్చా?" అని అడగాలి. వద్దంటే ఆగిపోవాలి.

ఓసారి కొత్తగా వచ్చిన పాప లోపల గడియ పెట్టుకుంది. మమ్మల్ని వెంటబెట్టుకెళ్లి మేడంగారు అడిగితే "వద్దు!" అని అరిచింది. ఆవిడ వరండాలో చతికిలబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"ఇలాగైతే క్లాసెప్పుడవుద్దండీ?"

"ఆ పిల్ల వద్దంటే ఇన్నాళ్లూ ఎవరూ ఆగలేదు బాబూ. మనం ఆగాం. ఇవాళ్టి క్లాసు ఇదే."

నొప్పి పుట్టి ఆవిడ మోకాళ్లు రుద్దుకుంటుంటే, తలుపు కాస్త తెరుచుకుంది. ఓ ప్లాస్టిక్ స్టూలు బయటికొచ్చింది. తలుపు మళ్లీ మూసుకుంది.

ఆ స్టూలంటే నాకిప్పటికీ అసూయే. ఏ కరపత్రం చదివితే వస్తుందది?

కాకినాడ అమ్మాయి "రానా బంగారం?" అంటే చాలు, "రా అక్కా!" అని లోపల గోల. నేనడిగితే "వద్దు". ఉండబట్టలేక మేడంగారినే నిలదీశాను.

"నాకేం తక్కువండీ?"

"తక్కువేం లేదు. అడుగుతూనే తలుపు మీద చెయ్యేస్తారు, అంతే."

కొత్త బ్యాచ్‌కి నేర్పే పని ఆ అమ్మాయికే అప్పజెప్పి మేడంగారు తణుకు వెళ్లారు. నిన్న ఆ క్లాసు మొదలైంది. ఆమె అచ్చం మేడంగారిలాగే చెబుతోంది. వినలేక బయటికొచ్చేశాను. ఆ పాప గది ముందు చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని అడిగాను.

"రావచ్చా?"

"వద్దు. మేడం ఏరి?"

"ఇంక రారమ్మా."

నేను ఆవిడ కూర్చున్న చోటే కూర్చున్నాను. అవతల గదిలో కాకినాడ అమ్మాయి ఏదో అంటే బ్యాచంతా నవ్వింది. కడుపు మండింది. అయినా లేవలేదు.

స్టూలు రాలేదు. చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు మాత్రం వేసే ఉంది.

నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.