సాంచె నూనె కాదు బిడ్డా

నా చిన్నప్పుడు, తెలంగాణ కోసం బడులన్నీ మూతపడ్డ ఏడాది, సిరిసిల్ల దవాఖానలో కూర్చున్న నా అంత ఒంటరి పిల్ల భూమ్మీద మరొకతె లేదు. నాకు తొమ్మిదేళ్లు. నూలు కోసం కోరుట్ల వెళ్లిన నాన్న, బస్సులు బందై అక్కడే చిక్కుకున్నాడు. అమ్మ నుదుట తడిగుడ్డ వేస్తే వార్డంతా ఆవిరి కమ్మేది, అంత జ్వరం. అది మలేరియానో కాదో తేలితేగానీ మందియ్యనన్నాడు డాక్టరు.

నెత్తురు పరీక్ష చేసే పెద్దాయనను అందరూ చాచా అనేవారు. అమ్మ నెత్తుటిచుక్కకు రంగు వేసి, గాజుపలక మీద ఆరబెట్టి, ఆయన నమాజుకు వెళ్లాడు. గదిలో నేనూ, ఏనుగంత మైక్రోస్కోపూ, దాని పక్కన ఓ నూనె సీసా మిగిలాం. మా ఇంట్లో సాంచె, అంటే మరమగ్గం, మొరాయిస్తే నాన్న ముందుగా నూనె పోసేవాడు. ఇదీ గబగబా తిరిగితే అమ్మకు మందు తొందరగా వస్తుందని, సీసాడు నూనెనూ దాని మరలకు తాగించాను.

తిరిగొచ్చిన చాచా జిడ్డోడుతున్న యంత్రాన్ని చూసి, ఖాళీ సీసా చేతిలోకి తీసుకున్నాడు.

"సాంచె అనుకున్నవా బిడ్డా?"

"జల్ది తిరుగుతదని పోసిన చాచా. ఇగ మా అమ్మకు మందియ్యరా?" మానేరు వాగు పొంగేటంత ఏడ్చాను.

"గీ నూనె తిరగనీకి కాదు. గీ పలకకు, గా అద్దానికి నడుమ గాలుంటది. వెలుగు గాలిల పడంగనే పక్కకు పోతది. నూనె గా సందు నింపితే సీదా అద్దంలకు పోతది."

ఇంతలో డాక్టరు తలుపు తోసుకొచ్చి, నూనె ఏమైందని గద్దించాడు. కొత్త సీసా రావాలంటే బస్సులు నడవాలి మరి.

"నా చెయ్యి జారింది సాబ్," అన్నాడు చాచా. పైకప్పు ఎగిరేన్ని చీవాట్లు ఆయనే తిన్నాడు.

మరల మురికి అంటని నూనె, సీసా మూతకున్న గాజుపుల్లకు ఒకే ఒక్క చుక్క మిగిలి ఉంది. దాన్ని పలక మీద వదిలి, అద్దం ఆ చుక్కను తాకేదాకా ఊపిరి బిగబట్టి దించాడు. చూసి, నన్ను స్టూలెక్కించాడు. అద్దంలో నీలం ఉంగరాలు, ఒక్కోదానికి ఒక ఎర్రరాయి!

"గా ఉంగరాలే మలేరియా. మందున్నది, ఏడ్వకు."

అమ్మ జ్వరం దిగేవరకు, మూడు రోజులు, తీరిక దొరికినప్పుడల్లా చాచా వచ్చి, బల్ల మీద నాకు భుజం ఆనించి కూర్చున్నాడు. ఒక్క మాటా అడగలేదు.

ఇప్పటికీ ఎక్కడైనా ఒంటరిగా కూర్చున్నవాళ్లు కనిపిస్తే, నేను పలకరించను. పోయి ఆనుకుని కూర్చుంటాను. కొందరు జరుగుతారు. నేనూ వాళ్ల వైపే జరుగుతాను.