గోడ దిగి ఇంటికొచ్చిన మా అక్క

ఈ ఎండాకాలం మార్కాపురం ఆడపిల్లలకు పట్టిన ఫ్యాషన్ ఏందంటే, ఊళ్ళో గోడల మీద గీసిన బొమ్మలను కుర్తీల మీద వేసుకుని తిరగడం. దయ్యాలు ఇదివరకు చింతచెట్ల మీద ఉండేవి, ఇప్పుడు దుకాణాల్లో హ్యాంగర్లకు వేలాడుతున్నాయి.

బస్టాండు దారిలో గోడ మీద గనిలో రాతి పలకలు మోసే ఆడమనిషి బొమ్మ ఒకటుంది. గీసినవాడు ఏ ఊరివాడో, అదే పని చేసి ఎప్పుడో పోయిన మా అక్కను చూసి ఎరగడు. అయినా అచ్చం అక్క ముఖమే, కనుబొమ మీద పలక పెచ్చు తగిలిన గాటుతో సహా. అక్కకు ఒక్క ఫోటో కూడా లేదు. ఆ బొమ్మను చూడలేక నేను సందులోంచి చుట్టు తిరిగి పోతుంటాను.

ఈ పొద్దు మా మనవరాలు ఆ ముఖాన్నే వేసుకొని ఇంటికి వచ్చింది. సాయంత్రం విప్పి బకెట్లో పడేసింది.

"ఉతికితే రంగు పోతుందేమోనే పిల్లా" అన్నాను.

"పోతే పోనీలే అవ్వా. వానాకాలానికి ఇంకో బొమ్మ వస్తుంది!"

నీళ్ళు పోయబోయి, కుర్తీని బకెట్లోంచి బయటికి తీసినాను. ఉతకకుండానే బీరువాలో దాచినాను. ముఖం లోపలికి పోయేట్టు ఎట్ల మడిచినా కుదరలేదు, అక్క పైకే చూస్తున్నది.

రేపు కుర్తీ ఏదని పిల్ల ఇల్లు పీకి పందిరేస్తుంది. దొంగ ఎత్తుకుపోయినాడని చెప్పనా, ఆమె ఎవరో చెప్పనా? మీరే చెప్పండి. అందాకా నేను ఆ బీరువా తెరవను.